నాలుగో కాజా

ఆ వానాకాలం నేను కావాలని తప్పులు చేశాను. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరో చెప్పగా విని ముక్కున వేలేసుకోవడం ఎందుకు?

నా పని కాజాలు కుట్టడం. చొక్కాకి గుండీ దూరడానికి చిన్న చీలిక ఉంటుందే, దాని అంచు చుట్టూ దారంతో ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. చివర్లో వెనకవైపు గట్టి ముడి వేసి దారం తెంపాలి. అదే కాజా. మిషన్లు వచ్చాక చాలా షాపుల్లో చేత్తో కుట్టించడం మానేశారు. మా టైలరు మాస్టారు మానలేదు. ఆయనకి అదో పట్టుదల.

ముప్పై ఏళ్ళు ఆ పని మేమిద్దరం చేశాం, అక్కా నేనూ. నేను కాజాలు, అక్క గుండీలు. షాపులో నన్ను కాజాలమ్మ అనీ, అక్కని గుండీలమ్మ అనీ పిలిచేవాళ్ళు. మా అసలు పేర్లు వాళ్ళకి తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. షాపు నుంచి మూట తెచ్చుకోవడం, ఇంట్లో కిటికీ కింద ఎదురెదురుగా కూర్చుని కుట్టడం, మూట తిరిగి ఇచ్చేయడం. వాగేది నేను. ఊఁ కొట్టేది అక్క. అసలు వింటోందో లేదో తేల్చుకుందామని ఒకసారి, "అక్కా, మన ఇంటి కప్పు ఎగిరిపోయింది" అన్నాను. "ఊఁ" అంది, గుండీ మీంచి తల ఎత్తకుండా.

మధ్యాహ్నం భోజనం కాగానే మంచం మీద వాలేది. వాలడం ఆలస్యం, గురక. నేను కుట్టు మధ్యలోంచి "పక్కకి తిరుగక్కా" అని అరిచేదాన్ని. నిద్రలోనే "ఊఁ" అని తిరిగేది. రెండు నిమిషాలు కాగానే మళ్ళీ మొదలు. ముప్పై ఏళ్ళు ఆ గురకని తిట్టుకుంటూనే బతికాను.

ఎండాకాలం చివర్లో అక్క పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే.

వారం పది రోజులు జనం వచ్చారు, పోయారు. నన్ను చూసి ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మంట. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "ఒక్కదానివే ఎలా ఉంటున్నావమ్మా?" అంది. "తలుపు వేసుకుని ఉంటున్నాను" అన్నాను. మళ్ళీ ఆవిడ అడగలేదు. అడగకపోతే అదో ఏడుపు.

మెల్లగా ఇంట్లో మాట అనేదే లేకుండా పోయింది. ఒకరోజు సూది గుచ్చుకుని "అబ్బా!" అన్నాను. ఆ గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. లెక్క చూసుకుంటే అంతకు ముందు నోరు విప్పి మూడు రోజులైంది. ఆ రోజు కుట్టు పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఏడుపు విని పలకరించేవాళ్ళు లేకపోతే ఏడవడం కూడా విసుగే. లేచి మొహం కడుక్కున్నాను.

మొదటి తప్పు మాత్రం నిజంగా తప్పే.

వానలు మొదలయ్యే వేళకి బడి చొక్కాలు వస్తాయి. మగపిల్లల చొక్కాకి కాజాలు ఎడమ పట్టీ మీద ఉండాలి, ఆడపిల్లల చొక్కాకి కుడి పట్టీ మీద. చెబితే నవ్విపోతారు గానీ, ముప్పై ఏళ్ళలో ఏది ఎడమో ఏది కుడో నేను చూసుకుని ఎరగను. కాజాలు పడాల్సిన పట్టీ పైకి వచ్చేలా మడిచి చొక్కాని నా ఒళ్ళో పెట్టేది అక్క. నేను చీల్చడమే, కుట్టడమే. అక్క లేదన్న సంగతి నా మనసుకి తెలిసినంతగా నా చేతులకి తెలియలేదు. మూటలోంచి చొక్కా తీయడం, ఏ పట్టీ పైన ఉంటే దాని మీద చీల్చుకుపోవడం. పద్దెనిమిది మంది మగపిల్లల చొక్కాలకి ఆడపిల్లల వైపు కాజాలు కుట్టేసి, మూట కట్టి పట్టుకెళ్ళి ఇచ్చాను.

కనిపెట్టింది షాపులో ఇస్త్రీ చేసే మనిషి. నలభై దాటిన వయసు, దిట్టమైన ఒళ్ళు, అంతకన్నా దిట్టమైన నోరు. చొక్కా పైకెత్తి చూపిస్తూ, "ఇదేంటి మాస్టారూ! ఈ బళ్ళో అబ్బాయిలందరూ అమ్మాయిలైపోయారా?" అంది. మిషన్ల మీదున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడు రోజుల్లో బడి తెరుస్తారు కాజాలమ్మగారూ. పట్టీలన్నీ ఊడదీసి కొత్తవి వెయ్యాలి. ఇంటికి పట్టుకెళ్ళి తెచ్చే టైం లేదు. ఇక్కడే కూర్చుని విప్పండి."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చున్నాను, ఇస్త్రీ బల్ల పక్కన, గుడ్డ పేలికల మూట మీద. ఆ షాపు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ముందు కత్తిరించే బల్ల, మధ్యలో మిషన్లు, చివర ఇస్త్రీ. బయట వాన, లోపల తడి గుడ్డ మీద వేడి పెట్టె పెట్టినప్పుడు లేచే ఆవిరి. మిషన్లు ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఒకడి అత్తగారు, ఇంకొకడి పంటి నొప్పి, కరెంటు వాళ్ళు, రోడ్డు మీద గుంట. నాకు సంబంధం లేని విషయాలు. అన్నిట్లోనూ దూరాను.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పారు. ఇస్త్రీ ఆమె మాత్రం పెట్టె ఆపలేదు. "నువ్వు తిన్నావా?" అన్నాను, ఊరికే, నోటికి అలవాటైన మాట. ఆమె నావైపు అదోలా చూసింది. "తింటాలెండి" అంది. సాయంత్రం ఫ్లాస్కు మూతలో టీ పోసి నా ముందు పెట్టింది. "తాగక్కా."

నన్ను అక్కా అన్నవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఇంట్లో చిన్నదాన్ని నేనే కదా. టీ చుక్క మిగల్చకుండా తాగాను.

మూడు రోజుల్లో పని అయిపోయింది. మూడో రోజు ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంది. అంత వాగానన్నమాట. మాస్టారు కొత్త మూట ఇచ్చి, "ఇక ఇంట్లోనే కుట్టుకోండి, ప్రశాంతంగా" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

ఆ ప్రశాంతంలో రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు ఒక చొక్కాకి నాలుగో కాజా కుట్టి, చివరి ముడి వెయ్యకుండా దారం తెంపేశాను.

చూడ్డానికి ఏమీ తెలియదు. వేలు పెట్టి లాగితే కుట్టు జారుతుంది. నాలుగోదే ఎందుకంటే, అది సరిగ్గా పొట్ట పైన పడుతుంది. లాగుడు ఎక్కువ అక్కడే. ఇస్త్రీలో బయటపడుతుంది, నన్ను పిలుస్తారు, అక్కడ కూర్చుని సరిచేస్తాను. ఇదీ నా పథకం. ముప్పై ఏళ్ళలో ఒక్క కాజా జారిందని మాట పడని మనిషిని. అయినా ఆగలేదు.

పిలిచారు. వెళ్ళాను. గంటలో అయ్యే పనిని మధ్యాహ్నం దాకా చేశాను. ఆ తర్వాత ప్రతి మూటలోనూ రెండో మూడో అలాగే వదిలేదాన్ని. "కళ్ళు చూపించుకోండి" అన్నాడు మాస్టారు. చూపించుకున్నాను. ఈ వయసుకి ఇంత చూపా అని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. మాస్టారికి మాత్రం, "కొంచెం మసకట" అని చెప్పాను. సిగ్గు లేకుండా.

ఒకరోజు ఇస్త్రీ ఆమె చొక్కా నా ఒళ్ళో పడేస్తూ గొంతు తగ్గించింది.

"మీ కళ్ళకి నాలుగోది ఒక్కటే కనపడదా అక్కా?"

తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించుకున్నాను. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ప్రతి చొక్కాకీ ముందు నాలుగో కాజాని వేలితో లాగి చూసేది. జారితే పక్కన పెట్టి, మిషన్ల మీదుగా కేకేసేది: "మాస్టారూ, కాజాలమ్మని పిలవాలండోయ్!"

అలా నెలన్నర గడిచింది. ఆ నెలన్నరా నేను బాగానే ఉన్నానని చెప్పాలి. అన్నం సయించింది. ఆమె ఇంటి సంగతులు సగం తెలిశాయి, నా అక్క సంగతులు ఆమెకి అన్నీ తెలిశాయి. గురకతో సహా.

లెక్కల పంతులుగారు షాపులోకి వచ్చిన రోజున కూడా నేను నా మూట మీదే కూర్చుని ఉన్నాను. ఆయన ఇరవై ఏళ్ళుగా అక్కడే కుట్టించుకునే మనిషి. పొట్ట ముందు, ఆయన వెనక. చేతిలో ఉన్న చొక్కాని కత్తిరించే బల్ల మీదికి విసిరాడు.

"బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తాను. అంతే! గుండీ జారింది, పట్టీ బర్రున చిరిగింది. నలభై మంది పిల్లలు మాస్టారూ! నలభై మంది! నేను ఇటు తిరిగేసరికి బెంచీల కింద దూరి నవ్వుతున్నారు. రేపటి నుంచి వాళ్ళకి నేను లెక్కలు చెప్పాలా, నా చొక్కా కథ చెప్పాలా?"

మాస్టారు చొక్కాని దీపం కింద పెట్టి చూశాడు. చిరుగు పట్టీ అంతా పాకేసింది, కాజా ఆనవాలు కూడా సరిగ్గా మిగల్లేదు. ఆయన చూపు ఇస్త్రీ బల్ల మీదికి వెళ్ళింది. అంతకు ముందు వారమే ఆమె ఒక కాలరు మాడ్చింది. తొందరలో చొక్కాలని బల్ల మీద బర్రున లాగుతుందని ఆయన రెండుసార్లు గదమాయించాడు కూడా. నా జారే కాజాలు ఇస్త్రీ దగ్గరే పట్టుబడతాయన్న నమ్మకం ఆయనది.

"లాగొద్దు, లాగొద్దు అని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"నేను లాగలేదు మాస్టారూ."

"లాగకుండా చేతి కాజా చిరుగుతుందా? నా షాపులోనా?"

ఆమె నావైపు చూసింది. ఒక్కసారి, రెప్ప వాల్చినంతసేపు. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పెయ్యాలనే కోరుకున్నాను కూడా. చెప్పేస్తే నేను చెప్పే బాధ తప్పుతుంది కదా. ఆమె చూపు తిప్పుకుని ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసింది.

"రేపటి నుంచి రావక్కర్లేదు" అన్నాడు మాస్టారు.

కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆమె ఫ్లాస్కు తీసుకుని, చెప్పులు వేసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ "వస్తానక్కా" అని కూడా అంది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు పొద్దున్నే, షట్టరు పూర్తిగా ఎత్తకముందే వెళ్ళి నిలబడ్డాను. ఇస్త్రీ బల్ల మీద నిన్నటి తడి గుడ్డ ఎండి బిగుసుకుపోయి ఉంది.

"మాస్టారూ, ఆ చొక్కా ఆమె చింపలేదు. నాలుగో కాజాకి ముడి వెయ్యకుండా నేనే వదిలేశాను."

"కళ్ళు కనపడక..."

"కళ్ళు బాగానే ఉన్నాయి. కావాలనే వదిలాను. అదొక్కటే కాదు, అన్నీ."

ఆయన షట్టరు కర్ర అలాగే పట్టుకుని ఉండిపోయాడు. "ఎందుకూ?"

చెప్పాలి. దారి పొడుగునా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఇక్కడ కూర్చోవచ్చని" అన్నాను. "ఇంట్లో ఉండలేకపోతున్నాను మాస్టారూ. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను."

మాస్టారు కర్రని గోడకి ఆనించాడు.

"అడిగితే ఒక స్టూలు వెయ్యకపోదునా అమ్మా?"

"అడగడం చేతకాలేదు."

"ముప్పై ఏళ్ళు మీ కాజా మీద ఒట్టు పెట్టి చొక్కాలు అమ్మాను." ఆయన గొంతులో కోపం కన్నా వేరే ఏదో ఉంది, అదే నన్ను ఎక్కువ కోసింది. "ఆమెని నేనే వెళ్ళి పిలుచుకొస్తాను. క్షమాపణ కూడా చెప్పుకుంటాను. మీరు ఇంటికెళ్ళండి."

మూట ఇవ్వలేదు. నేను అడగలేదు.

పది రోజులు. వాన ఆగితే కిటికీ తెరిచాను, పడితే మూశాను. అక్క గుండీల డబ్బా తీసి తెల్లవి ఒకవైపు, రంగువి ఒకవైపు వేరు చేశాను. అన్నీ కలిపేసి మళ్ళీ వేరు చేశాను. ఇస్త్రీ ఆమె తిరిగి పనిలోకి వచ్చిందని ఎదురింటావిడ ద్వారా తెలిసింది. నేనే వెళ్ళి ఆవిడ తలుపు కొట్టి అడిగాను, అదీ ఆ పది రోజుల్లో నేను చేసిన ఘనకార్యం. ఆవిడ ఆశ్చర్యపోయి, కుర్చీ వేసి, కనుక్కుని చెబుతానంది. చెప్పింది కూడా.

పదకొండో రోజు ఆదివారం. మధ్యాహ్నం జోరున వాన. తలుపు చప్పుడైంది. తీస్తే, మోకాళ్ళ దాకా తడిసి, ఇస్త్రీ ఆమె. చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఒక పొట్లం.

"గుమ్మంలోనే నిలబెడతారా ఏంటి?"

తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకుంటూ ఇల్లంతా కలయజూసింది. కిటికీ, దాని కింద రెండు పీటలు, గోడవారగా అక్క మంచం.

నాలో పది రోజులుగా నలుగుతున్న మాట బయటికొచ్చేసింది. "నీకు తెలుసు కదే. ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఈవిడకి ఇంట్లో తోచక చొక్కాలు పాడుచేస్తోందనా? చెబితే మీరు మళ్ళీ ఆ గడప తొక్కేవాళ్ళా?"

"నీ పని పోయింది కదా నా వల్ల!"

"పోయింది. ఏడ్చాను. మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా, మామూలుగా కాదు. అసలు ఆ ఒక్క చొక్కా లాగి చూడ్డం మర్చిపోయింది నేనే కదా అని నన్నూ తిట్టుకున్నాను." తువ్వాలు మడిచి నా చేతికిచ్చింది. "మా ఇంట్లో తొమ్మిది మందిమక్కా. పొద్దున లేస్తే నన్ను పిలవని నోరు లేదు. నా చొక్కా ఏదీ, నా డబ్బా ఏదీ, నా మందు ఏదీ. నువ్వు తిన్నావా అని అడిగిన నోరు మాత్రం ఒక్కటి లేదు. షాపులో కూర్చున్న మొదటి రోజే మీరు అడిగారు. మీకు గుర్తుందో లేదో."

ఉంది. ఊరికే అడిగానని చెప్పలేదు.

ఆమె పొట్లం విప్పింది. లెక్కల పంతులుగారి చొక్కా. చిరిగిన పట్టీ తీసేసి మాస్టారు కొత్తది వేశాడు. చీలికలకి సుద్దతో గుర్తులు కూడా పెట్టాడు.

"ఒక్క చొక్కా పంపించారు. ఏడు కాజాలు. నేను లాగి చూశాకే తర్వాతి మూట అన్నారు."

"స్టూలు?"

"మీరే వచ్చి నోటితో అడగాలట."

"అడుగుతాను" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! అది విని ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏదీ, ముందు నన్ను అడగండి చూద్దాం. ఏం కావాలి మీకు?"

నాకు ఒళ్ళు మండింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "కాసేపు కూర్చో" అన్నాను.

"కూర్చోను."

"మరి?"

"పడుకుంటాను. మీకు మనుషులు కావాలి, నాకు మనుషులు లేని చోటు కావాలి. రెండు గంటలు, ఎవరూ పిలవకుండా నిద్రపోవాలి. మీరు నాతో మాట్లాడితే లేచి వెళ్ళిపోతాను."

ఉన్నది ఒక్క మంచం. నేను నేల మీద పడుకుంటాను, ఎప్పుడూ అంతే. అక్క వెళ్ళిపోయిన రోజు వేసిన దుప్పటి ఆ మంచం మీద అలాగే ఉంది. దాన్ని నేను ఉతకలేదు, మడవలేదు, దాని మీద చెయ్యి పెట్టలేదు. ఆమె చూసింది. అర్థమైనట్టుంది, చాప కోసం మూలకి వెళ్ళబోయింది.

"అక్కడ కాదు" అన్నాను. దుప్పటి తీసి, దులిపి, తలగడ తిప్పి వేశాను. "ఇక్కడ పడుకో."

రెండు నిమిషాలు పట్టలేదు ఆమె నిద్రపోవడానికి. నేను కిటికీ కింద నా పీట మీద కూర్చున్నాను. చొక్కా మడత విప్పాను. పట్టీ ఎడమదో కాదో రెండుసార్లు చూసుకున్నాను. దారానికి మైనం రుద్ది మొదలుపెట్టాను. మొదటిది, రెండోది, మూడోది. నాలుగోది కుట్టి, వెనకవైపు ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేశాను. వేలితో లాగి చూశాను. కదల్లేదు.

అప్పుడు మొదలైంది గురక. సన్నగా ఎత్తుకుని, మెల్లగా ఊపందుకుని, ఇల్లంతా నిండిపోయింది. నేను అయిదో కాజా చీల్చడానికి కత్తెర పెడుతున్నాను. చెయ్యి పనిలో ఉంది, మనసు ఎక్కడో ఉంది, నోటికి మాత్రం ముప్పై ఏళ్ళ అలవాటు.

"పక్కకి తిరుగక్కా" అన్నాను.

నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. నిద్రలోనే "ఊఁ" అని పక్కకి తిరిగింది.